జీనా లేని గది

మీరు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. బీరంగూడలో మా కారు షెడ్డు మీద నిన్నటితో ఒక కొత్త గది పూర్తయింది. తలుపు ఉంది, కిటికీలున్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఎక్కే దారి మాత్రం లేదు!

మా ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఇంట్లో టీవీ తప్ప మాట్లాడేవాళ్ళు లేరు. మా అమ్మాయి సుజాత పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉండేది. "నాకంటూ వేరే గది ఉంటే వచ్చేస్తాను నాన్నా. నైట్ షిఫ్టు చేసొచ్చి, పగలంతా నీ టీవీ మోతలో పడుకోలేను" అంది. మర్నాడే ఎస్టిమేటు వేయడానికి కూర్చున్నాను.

నేను రిటైరైన ప్లాంటులో నా ఉద్యోగమంతా ఇతరుల పనిలో తప్పులు పట్టడమే. అదే శ్రద్ధతో సిమెంటు, ఇనుము, ఇసుక రాశాను. స్లాబు వేసేనాడు కూలీలకు బిర్యానీ, దిష్టికి గుమ్మడికాయ కూడా వదల్లేదు. చేతిలో ఉన్న డబ్బుకు సరిగ్గా సరిపోయింది.

మేస్త్రి మల్లేశం జోగిపేట మనిషి. పని నేర్చుకున్నది హైదరాబాదు పాతబస్తీలో. మొదటిరోజే షెడ్డు ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"అంతా మంచిగనే ఉంది గానీ సార్, మరి జీనా ఎట్ల?"

నేను కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడినవాణ్ణి. నాకు తెలిసిన హిందీ ప్లాంటులో విన్నదే. అందులో జీనా అంటే బతకడం. భార్య పోయాక ఎలా బతుకుతారని అడుగుతున్నాడనుకున్నాను. అప్పటిదాకా ఎవరూ నన్ను అంత సూటిగా అడగలేదు.

"దాని గురించి ఆలోచించడం మానేశాను మల్లేశం."

"గట్లంటే ఎట్ల సార్? జీనా లేకుంటే నడుస్తదా?"

"నడుస్తోందిగా! నువ్వు గది సంగతి చూడు."

పని జరిగినన్నాళ్ళూ కూలీలు వేసుకున్న ఏటవాలు చెక్కల మీదుగానే అందరం ఎక్కాం, దిగాం. నిన్న మధ్యాహ్నం ఆ చెక్కలు విప్పి ట్రాలీలో పడేశారు. తలెత్తి చూశాను. తలుపు గాలిలో ఉంది.

"మల్లేశం! మెట్లేవీ?"

"నేను అడిగిన గద సార్! పాతబస్తీల జీనా అంటే మెట్లే గద! మీరే ఆలోచన బంద్ చేసిన అన్నరు. తర్వాత ఇనుపవి పెట్టిస్తరేమో అనుకున్న."

సరిగ్గా అప్పుడే సుజాత హాస్టలు ఖాళీ చేసి, పరుపుతో సహా ఆటో దిగింది. పైకి చూసింది, నన్ను చూసింది. ఆటో ఇంకా కదల్లేదు. అందులోనే తిరిగి వెళ్ళిపోతుందేమోనని పరుపు ఇవతలికి లాక్కున్నాను.

"వచ్చే నెల పెన్షన్ రాగానే మెట్లు కట్టిస్తానమ్మా."

"అసలు అతను అడిగితే నువ్వేమనుకున్నావు నాన్నా?"

చెప్పాను. నవ్వబోయి, మధ్యలో ఆగిపోయింది. ఆటో అతనికి డబ్బులిచ్చి పంపేసింది. పక్కింటివాళ్ళ నిచ్చెన అడిగి తెచ్చి గోడకు ఆనించింది.

"గట్టిగా పట్టుకో!" అంటూ దిండు చంకలో పెట్టుకుని ఎక్కేసింది.

ఆ విధంగా, తనిఖీ అధికారిగా రిటైరైన నేను నిన్నటినుంచి నిచ్చెన పట్టుకునే ఉద్యోగంలో చేరాను. బాత్రూము కిందే ఉండటంవల్ల మొదటిరోజే ఓవర్‌టైము కూడా పడింది.