నడిచిన బొట్టు

మా పార్వతత్త పెళ్ళి చెడగొట్టడానికి ఒక మనిషి చేయగలిగినదంతా నేను పదేళ్ళకే చేసేశాను. పగవాళ్ళకు కూడా అంత పద్ధతిగా చేతకాదు. నమ్మకపోతే చదవండి, తేదీ, లెక్క రెండూ నా దగ్గర ఉన్నాయి.

1961 జూన్ నెల ఆఖరు ఆదివారం. చింతామణి దగ్గర మా పల్లె. నేను ఐదో తరగతి. మా మేష్ట్రు కాలానికొక పని చెప్పేవారు. ఎండాకాలంలో విత్తనాలు ఏరాలి, చలికాలంలో రాలిన ఆకులు పుస్తకంలో అంటించాలి, తొలి వానలకు పురుగులు పట్టాలి. పట్టినవాటిని లెక్కపెట్టి రాసి, సోమవారం పెట్టెతో సహా చూపాలి. రాసిన లెక్కా, పెట్టెలోని లెక్కా సరిపోయినవాళ్ళలో ఎవరు ఎక్కువ తెస్తే వాళ్ళకు బడిలో ఉన్న ఒకే ఒక భూతద్దం వారం రోజులు. ఆ భూతద్దం కోసం నేను పులినైనా పట్టి తెచ్చేదాన్ని. కాకపోతే అది లెక్కకు ఒకటే అవుతుంది.

శనివారం వాన వెలిశాక చేలో ఆరుద్ర పురుగులు పట్టాను. ఎర్ర మఖమల్ గుడ్డ చించి కాళ్ళు కుట్టినట్టుంటాయి కదా, అవే. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని, అప్పులవాడు పిలిస్తే పలకనివాడిలా పడుకుంటాయి. యాభై పట్టి అగ్గిపెట్టెల్లో పెట్టాను. పొద్దున చూస్తే నలభై రెండు. మిగతా ఎనిమిదీ ఎక్కడికి పోయాయో తర్వాత మా తాత చొక్కా వేసుకున్నప్పుడు తెలిసింది, ఆ సంగతి వేరు.

గట్టి మూత కావాలి. మా ఇంట్లో గట్టి మూత ఉన్నది ఒక్కటే, అవ్వ కుంకుమ భరిణె. కుంకుమను కాగితంలో పొట్లం కట్టి దాచాను. భరిణెలో కాస్త చెమ్మ మన్ను వేసి నలభై రెండింటినీ వదిలాను. మా నేల ఎరుపు, పురుగులు ఎరుపు. మూత బిగించి భరిణెను దాని గూట్లోనే పెట్టాను. తీసిన వస్తువు తీసిన చోటే పెట్టాలని నేర్పింది అవ్వే మరి.

ఆ మధ్యాహ్నం బాగేపల్లి పక్క నుంచి పార్వతత్తను చూడడానికి ఆరుగురు దిగారు. ఆషాఢం రాకముందే తేల్చుకోవాలని వాళ్ళ తొందర. మా అత్తకు మహా బిడియం. అంతకుముందు రెండు సంబంధాలు "పిల్ల మూగదేమో" అని వెనక్కి పోయాయి. ఇదీ పోతే ఇక తిరగలేనని తాత ముందే చెప్పేశాడు.

అబ్బాయి తల్లి నంజమ్మ సొంతంగా సేద్యం చేయించే మనిషి. మామూలుగా మాట్లాడినా పక్క చేలో ఎద్దులు ఆగేవి.

"యాడిదాకా చదివినావమ్మా?"

అత్త నేల చూసింది.

"సంగటి కెలకను వస్తాదా?"

అత్త నేలను ఇంకా లోతుగా చూసింది.

"ఏమప్పా, మీ బిడ్డకు నోరుండాదా లేదా?"

"ఉండాదమ్మా. ఇంట్లో బాగా మాట్లాడతాది" అన్నాడు తాత, కుంటి ఎద్దును సంతలో నిలబెట్టినవాడిలా.

వాళ్ళు లేచారు. "పోయి కబురు పంపిస్తాం" అంది నంజమ్మ. ఆ మాటకు అర్థమేమిటో మా కొట్టంలో దూడకు కూడా తెలుసు. అవ్వ ముఖం వాడిపోయింది. అయినా ముత్తైదువలను బొట్టు పెట్టకుండా పంపకూడదు కదా.

"పార్వతీ, కుంకుమ తేమ్మా."

అత్త పళ్ళెంలో భరిణె పెట్టుకుని వచ్చింది. గడప పక్కన కూర్చుని పురుగుల లెక్క రాసుకుంటున్న నేను చూశాను. బుద్ధి ఉన్న పిల్లయితే "అందులో పురుగులున్నాయి" అంటుంది. తొమ్మిది అక్షరాలు, అంతే పని. నాకు నా లెక్క తప్ప ఏమీ కనబడలేదు.

"మూత తీయొద్దండి. దానికి లెక్కుండాది" అన్నాను.

నంజమ్మ ఆగింది. "దేనికి లెక్క?"

"లోపలుండేదానికి. నలభై రెండు. ఒకటి తగ్గినా ఒప్పుకోరు."

ఆమె తన వెంట వచ్చిన ఆడవాళ్ళవైపు తిరిగింది. "వింటిరా? చిటికెడు కుంకానికి లెక్క పెట్టుకోనుండారు. ఇంక కూటికి ఎన్ని ముద్దలని లెక్కో."

"అది చిన్నపిల్ల, యాదో వాగతాది. తీసుకోమ్మా, ఎంత కావల్లంటే అంత తీసుకో" అంటూ అవ్వ మూత ఊడబెరికింది.

నంజమ్మ కోపంగా అవ్వ ముఖమే చూస్తూ, భరిణెవైపు చూడకుండా, రెండు వేళ్ళతో తీసి, కుంకుమ అంటడానికి పూసుకున్న నుదుటి మైనం మీద అద్దుకుంది. మన్ను రాలింది. బొట్టు నిలిచింది. గుండ్రంగా, నిండుగా, ఏ పండక్కీ మా ఇంట్లో ఎవరికీ కుదరనంత చక్కగా కుదిరింది. తర్వాత ఆ బొట్టు ఒక కాలు చాపింది. రెండో కాలు చాపింది. నేను ఎనిమిదీ లెక్కపెట్టాను. అది కనుబొమ్మవైపు బయలుదేరింది.

నోరు తెరవవలసింది నేను. తెరిచింది అత్త.

"అమ్మా, మీ బొట్టు నడస్తాండాది."

అని, పళ్ళెం కింద పెట్టేసి, గోడకు ఆనుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. అవ్వ మూత పట్టుకుని శిలలా నిలబడింది. తాత అటకవైపు చూస్తున్నాడు, ఎక్కి దాక్కుందామనేమో.

నంజమ్మ నుదుటి మీదిది అరచేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఆరుద్ర పురుగు. మీకు వాన పడిందా? మా పక్క ఇంకా చినుకు లేదు." తర్వాత తాతవైపు తిరిగింది. "నోరుండాదిలేప్పా మీ బిడ్డకు. పని పడినప్పుడు తెరస్తాది. మా ఇంట్లో వద్దన్నా మూయనోళ్ళే అందరూ. మాకు ఇట్లాంటిదే కావల్ల."

పురుగును కొంగున ముడి వేసుకుని, "వాన వస్తాందని మా ఊర్లో చూపిస్తా" అంటూ బండెక్కింది. నేను వెంటబడ్డాను.

"అమ్మా, అది నాది. నలభై రెండోది."

"పెండ్లినాడు ఇస్తాలే పోవే."

సోమవారం మేష్ట్రు నా భరిణె తెరిచి రెండుసార్లు లెక్కపెట్టారు. "నలభై రెండని రాసినావు. ఉండేవి నలభై ఒకటి. ఇంకోటి యాడ?"

"మా అత్తకు సంబంధం కుదర్చను బాగేపల్లికి పోయింది సార్."

భూతద్దం ఇరవై ఆరు తెచ్చిన శాంతకు పోయింది. ఆ ఇరవై ఆరింటిలో పంతొమ్మిది చీమలు. నేను మరిచిపోలేదు.

శ్రావణంలో పెళ్ళి జరిగింది. పీటల పక్కన నంజమ్మ నన్ను పిలిచి ఒక చిన్న కొయ్య భరిణె చేతిలో పెట్టింది. తెరిచి చూస్తే ఖాళీ.

"నీ పురుగును వాన పడినాక చేన్లో ఇడిచిపెట్టేసినా. ఇంక నీ పురుగులకు ఇదుండాది. మీ అవ్వది ముట్టుకోవద్దు."

అక్కడికక్కడే, అగ్నిసాక్షిగా, ప్రమాణం చేశాను. కాళ్ళున్నది దేన్నీ బతికినంతకాలం కుంకుమ భరిణెలో పెట్టను. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఎవరింటికి పోయినా, బొట్టు పెట్టుకోమంటే మాత్రం, మర్యాద కాదని తెలిసినా, వేలు పెట్టే ముందు ఒకసారి ఊది చూస్తాను.