తొడిమల షెడ్డు గొంతు

2022 వేసవి. ఒంగోలులో ఒక గ్రానైటు వ్యాపారి ఇంటి పెళ్లి రిసెప్షన్‌కు గుంటూరు నుంచి సౌండ్ సిస్టమ్ తీసుకెళ్లాను. మైకు దొరికితే చాలు, ప్రతివాడూ అరుస్తాడు. తగ్గించమంటే అలుగుతాడు. ఏళ్ల తరబడి వాళ్లతో వేగిన నాకు ఆ సాయంత్రం మస్తాన్‌బీ తగిలింది.

ఆ అమ్మాయీ వాళ్లమ్మా గుంటూరులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీసే షెడ్డులో కూలీలు. ఆమె కామెడీ వీడియో ఒకటి ఫోనులో చూసి, ఈవెంట్లు చేసే ప్రసాద్ గారు పిలిపించారు. జనం నవ్వితే తన ప్రోగ్రాములన్నిటికీ తీసుకుంటానన్నారు. నవ్వకపోతే మళ్లీ షెడ్డుకే.

గట్టిగా అరవాలని, తన జోకుకు తనే ముందు నవ్వాలని ఆయన ఆమెకు నూరిపోశారు. పాపం, అలాగే చేసింది. జనం లేచి ఐస్‌క్రీం కౌంటరు వైపు నడిచారు. నాకు జాలేసింది. మధ్యలో డాన్సు పెట్టగానే ఆమె నా మిక్సర్ దగ్గరికొచ్చి, కూర్చుని చిన్నగా చెబుతానని, తను గొంతు పెంచనని, మైకే పెంచమని అడిగింది. ఎందుకన్నాను.

"షెడ్డులో నోరు బార్లా తెరిస్తే ఘాటు గొంతులోకి పోద్దన్నా. దగ్గితే మేస్త్రి తిడతాడు. అందుకే మూతికి గుడ్డ కట్టుకుని, మొహం కదలకుండా చిన్నగా చెప్పుకుంటాం. నాకు ఇంకోలా రాదు."

మైకు చిన్న గొంతును కూడా అందుకోవాలంటే గెయిన్ పెంచాలి. పెంచితే హౌలింగ్ భయం. స్పీకరులో శబ్దం తిరిగి మైకులోకి వెళ్లి కీచుమంటుంది. అందుకని స్టేజీ మీద పాడేవాళ్లకు వినపడటానికి పెట్టే మానిటర్ స్పీకర్లు కట్టేశాను. ప్రసాద్ గారు కళ్లెర్రజేశారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆమె స్టేజీ మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"నా పెళ్లిచూపులు మిరపకాయల షెడ్డులోనే పెట్టింది మా అమ్మ. అబ్బాయి వాళ్లు నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇంత మెత్తని మనసున్నోళ్లు మళ్లీ దొరకరని ఒప్పేసుకున్నాం."

హాలు ఘొల్లుమంది. ఐస్‌క్రీం కప్పులు పట్టుకుని జనం వెనక్కి వచ్చారు. నవ్వు పూర్తిగా అణిగేదాకా ఆమె తరువాతి మాట ఎత్తలేదు. షెడ్డులో పక్కవాళ్ల దగ్గు ఆగేదాకా ఆగడం అలవాటట. కూతురితో వచ్చి చివరి వరుసలో కూర్చున్న వాళ్లమ్మ భుజాలు అదురుతున్నాయి. అక్కడ మిరపకాయలూ లేవు, మేస్త్రీ లేడు. అయినా కొంగు నోటికి అదిమిపెట్టుకునే నవ్వుతోంది. నాకు కళ్లు చెమర్చాయి.

మస్తాన్‌బీ ఇప్పుడు షెడ్డుకు వెళ్లడం లేదు. ఆ కూర్చుని చెప్పే పద్ధతి తనే నేర్పానని ప్రసాద్ గారు అందరికీ చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నేను మాత్రం కొత్తవాళ్లెవరొచ్చినా, వాళ్లూ ఇంట్లోవాళ్లూ ఏ పని చేస్తూ మాట్లాడుకునేవారో ముందు అడుగుతాను. గెయిన్ సంగతి ఆ తర్వాతే.