దొర కుర్చీకి బంతిపూలు

మా బాపు వడ్రంగి. తరిగొప్పుల దగ్గర మా ఊళ్లో ఆయన దొరల కోట లాంటి గడీకి చేసినంత పని మరే ఇంటికీ చేయలేదు. అందులో చాలాభాగం వెట్టే. ఎనభైల మొదట్లో దొర కుటుంబం పట్నం వెళ్లిపోయింది. గడీ లోపలి తలుపులు, దూలాలు విప్పే పనికి గుమాస్తా బాపునే పిలిపించాడు. పని అయ్యాక కూలికి బదులు ఒక టేకు కుర్చీ చూపించి, "తీస్కపో" అన్నాడు. కాగితం ముక్క రాసివ్వలేదు. బాపు అడగనూ లేదు.

కుర్చీ ఇంటికొచ్చిన రోజు అవ్వ, మా అమ్మ, దాని దగ్గరికి కూడా రాలేదు. పెద్దదొర ఆ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ఆమె.

"గది మనింట్ల ఉంటె ఊకుంటరా? రేపు దొంగతనం అంటరు. సాక్ష్యం ఎవలు చెప్తరు?" అంది.

"ఇచ్చిండు, తెచ్చిన. గంతే," అన్నాడు బాపు. అన్నాడే గాని తాను కూడా అందులో కూర్చోలేదు. గోనెసంచి కప్పి మూలకు పెట్టాడు. కొన్నాళ్లకు ఆ గుమాస్తా కూడా ఊరొదిలి పోయాడు. ఇక అవ్వకు అన్నం సహించలేదు. వీధిలో జీపు చప్పుడైతే చాలు, చేతిలో పని ఆగిపోయేది.

నేను అప్పుడే జనగామలో ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. రంగు వేస్తే ఆ కుర్చీని ఎవరూ గుర్తుపట్టరనిపించింది. బాపు మహబూబాబాద్‌లో ఒక ఇంటి పని మీద పోయాడు. వారం దాకా రాడు. జనగామ పోయి చిలకపచ్చ ఎనామిల్ డబ్బా ఒకటి, పసుపు రంగుది చిన్నదొకటి తెచ్చాను. ఉప్పుకాగితంతో పాత పాలిష్ అంతా రుద్దేసరికి వేళ్ల చర్మం లేచిపోయింది. పగుళ్లలో లప్పం పెట్టాను. కుర్చీ కుడిచేతి మీద పాత అతుకు ఒకటి ఉంటే దాన్నీ కప్పేశాను. రెండు పూతలు పచ్చరంగు వేశాను. చేతుల చివర చెక్కిన సింహం మూతులనూ వదల్లేదు. వీపు ఆనే పలక మీద ముగ్గుకు పెట్టినట్టు సుద్దతో చుక్కలు పెట్టుకుని, వాటిమీద బంతిపూలు దించాను.

అవ్వ మొదటిసారి దగ్గరికొచ్చింది. "మంచిగున్నయి బిడ్డా," అంది.

వారం తిరిగాక బాపు వచ్చాడు. వాకిట్లో కుర్చీ చూసి ఏదో అనబోయేంతలో ఇంటి ముందు జీపు ఆగింది. చిన్నదొర! పొలాల బేరానికి వచ్చాడట. గడీ బయటి దర్వాజ తాళం తుప్పుపట్టి రావడం లేదని బాపు కోసం వచ్చాడు.

అవ్వ తలుపు వెనక్కి పోయింది. బాపు భుజం మీది తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు. చిన్నదొర నేరుగా పోయి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. తాళం సంగతి చెబుతూ చేతులు ఆనించాడు. వేళ్లు సింహం మూతిని తడిమాయి. తల వంచి చూశాడు.

"గిది మా నాయిన కుర్చీ కదా?"

"అవును దొరా. గుమాస్తా కూలి కింద ఇచ్చిండు."

"ఇస్తె రంగెందుకు పూసినవ్? గుర్తుపట్టద్దనా?"

నేను పూసింది అందుకే. అవ్వ భయపడ్డ మాటను ఆ రంగే నిజం చేస్తోంది.

"నేనే ఏసిన. బాపుకు ఎర్కలేదు," అన్నాను.

బాపు నావైపు చూడలేదు. పనిముట్ల సంచిలోంచి ఉలి తీశాడు. చిన్నదొర గబుక్కున లేచి నిలబడ్డాడు. జీపు డ్రైవరు లోపలికి పరుగెత్తుకొచ్చాడు. బాపు వాళ్లెవరినీ పట్టించుకోకుండా కుర్చీ ముందు గొంతుక్కూర్చుని కుడిచేతి మీది రంగు గీకసాగాడు. పచ్చటి పొరలు నేల రాలాయి. కింద పాత అతుకు బయటపడింది.

"గీ చెయ్యి ఇరిగితె అతుకేసింది నేను. అప్పుడు మీరు తొట్టెల్ల ఊగుతున్నరు. మూడు దినాలు చేసిన. కూలియ్యలె, అడగలె. గీ సారి కూలికి గిదిచ్చిండ్రు. కాదంటె తీస్కపోండ్రి. కాని దొంగ అనకుండ్రి."

తలుపు వెనక నుంచి అవ్వ బయటికొచ్చింది. "ఎందుకు తీస్కపోతరు? కష్టం చేసి తెచ్చిండు. గది మాది," అంది.

చిన్నదొర ఆ అతుకును బొటనవేలితో రుద్ది చూశాడు. "ఉంచుకోండ్రి," అన్నాడు చివరికి. జీపెక్కబోతూ ఆగి, "తాళం సంగతి?" అని అడిగాడు.

"పొద్దుగూకినంక వస్త," అన్నాడు బాపు.

బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. మూడోరోజు మిగిలిన రంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

"గీకిన కాడ మల్ల ఎయ్యి. పూలు మంచిగ దించినవ్. కాని ఎవలకో భయపడి ఎయ్యకు బిడ్డా."

వేశాను. రంగు ఆరాక ఒక మధ్యాహ్నం అవ్వ చాట పట్టుకొచ్చింది. కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. ఆమె తలెత్తలేదు.