చేతులు కలవాల్సిన పేజీ

2023 ఏప్రిల్. కళ్యాణదుర్గంలో తాలూకాఫీసు వెనక సందులో నా బైండింగ్ షాపు. ముప్పై ఏళ్లుగా నా చేతికి వచ్చేవి ఆఫీసు రిజిస్టర్లు, బడి పుస్తకాలు, అట్టలూడిన పంచాంగాలు. మార్చి ఆఖరుతో ఆఫీసుల పని తీరిపోతుంది కాబట్టి ఏప్రిల్‌లో నాకు కాస్త తీరిక. తీరిక దొరికితే నాకు తెలివి ఎక్కువవుతుందని మా ఆవిడ సుగుణ అంటూ ఉంటుంది. ఆ నెలలో ఆమె మాట నిజం చేశాను.

ఒక మధ్యాహ్నం శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. మా ఊరి వార్డు సచివాలయంలో ఉద్యోగం, ఇరవై ఆరేళ్లుంటాయి. చేతిలో ఉన్న సంచిని నా టేబుల్ మీద బోర్లించింది. విడి ఆకుల కుప్ప. అన్నీ నలుపు తెలుపు బొమ్మలు, బొమ్మల్లో ఇంగ్లీషు మాటలు.

"అన్నా, శనివారానికి ఇది మళ్లా పుస్తకం కావల్ల. ఆదివారం దీని మనిషి వస్తాడు."

"ఏమాయమ్మా దీనికి?"

"స్కూటర్ డిక్కీలో పెట్టి మర్చిపోయినా. ఎండకు గమ్ము కరిగిపోయింది. తీస్తానే ఆకులన్నీ రాలిపాయ. గాలికి రోడ్డంతా ఎగిరితే ఏరుకొచ్చినా."

కుట్టు లేకుండా ఒట్టి గమ్ముతో వీపు అతికించే పద్ధతిని మా పనిలో పర్ఫెక్ట్ బైండింగ్ అంటారు. మన ఎండలకు ఆ పేరు నిలవదు. ఆ సంగతి చెప్పి, ఇంతకూ దీని మనిషి ఎవరని అడిగాను.

"నన్ను చూసిపోయినాడన్నా. మనోహర్ అని, గాలిమరల కంపెనీలో పని. మాట పెగలదు ఆ మనిషికి. నాకు చెప్పేది రాదు, ఇవి చదువు అని ఐదు పుస్తకాలిచ్చినాడు. కాలేజీ నాటినుంచి దాచుకున్నాడంట. తక్కిన నాలుగూ బాగానే ఉండాయి, ఆఖరుదే ఇట్లాయ. ఆదివారం జవాబు కోసం వాళ్లోళ్లు వస్తాండారు."

"నీ జవాబేంది?"

"ఒప్పుకుందామనే ఉండాది. ఇచ్చిన పుస్తకం నెల రోజులు కాపాడలేనిదానివి సంసారమేం కాపాడతావు అంటే ఏం చెప్పల్ల?" ఆ పిల్ల నవ్వుతూనే అంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. శనివారం పొద్దున్నే వచ్చి తీసుకుపొమ్మని ధైర్యం చెప్పి పంపించాను.

పేజీ నంబర్లు చూసి ఆకులు వరుస పెట్టాను. నంబర్లు లేనివాటిని బొమ్మలను బట్టి సుగుణ కలిపింది. పాత గమ్ము మరకలు ఆకుల కుడి అంచున కనిపించాయి. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. కరిగిన గమ్ము అటు కారి ఉంటుందని సరిపెట్టుకుని, కటింగ్ మిషన్‌లో ఆ అంచు నున్నగా కోసేశాను. తర్వాత ఎడమ పక్క సైడ్ స్టిచ్ వేశాను. అంటే అంచు పొడవునా రంధ్రాలు పొడిచి దారంతో గట్టిగా కుట్టడం. మైదా జిగురు పూసి, వీపు మీద కాలికో అనే బైండింగ్ గుడ్డ అంటించి, అట్ట వేసి బరువు కింద పెట్టాను. సుగుణ రెండు పేజీలు కూడబలుక్కుని చదివి, "ఈ కథలో జవాబు ముందు చెప్పి ప్రశ్న తర్వాత అడుగుతాండారేంది?" అంది. జపానోళ్ల పద్ధతి అట్లే ఉంటుందిలే అన్నాను, అంతా తెలిసినట్టు.

శనివారం శ్రావణి వచ్చింది. అట్ట చూసి మురిసిపోయింది. చివర్లో ఒకచోట తెరిచి, పుస్తకాన్ని నా వైపు తిప్పింది.

"అన్నా, వీళ్లిద్దరికీ విడాకులిప్పించినావు కదప్పా!"

నాకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పింది. ఇలాంటి జపాన్ బొమ్మల కథల పుస్తకాన్ని మాంగా అంటారట, కుడి నుంచి ఎడమకు చదవాలట. ఈ కథలో ఒక కుర్రవాడు అద్దెకు దిగిన గదిలో చనిపోయిన పిల్ల ఒకతి దయ్యమై ఉంటుంది. అతని వంట మాడ్చడం, అతని చెప్పులు దాచడం ఆమె పని. పోట్లాడుకుంటూనే ప్రేమలో పడతారు. కానీ చేయి పట్టుకుందామంటే దయ్యం చేయి గాలిలా జారిపోతుంది. ఐదు పుస్తకాలు నడిచాక, చివర్లో ఒక్కసారి ఆ చేతులు కలుస్తాయి. దాన్నే యానిమే అని కదిలే బొమ్మల సీరియల్‌గా కూడా తీశారు.

ఫోన్‌లో ఆ ఘట్టం చూపించింది. కుడి పక్కనుంచి ఆ పిల్ల, ఎడమ పక్కనుంచి అతను చేతులు చాస్తారు. వేళ్లు తగిలిన క్షణంలో ఆమె ఉలిక్కిపడి పకపకా నవ్వుతుంది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత పుస్తకం చూశాను. ఎడమ కుట్టు వేయడంతో కుడి పేజీ ఎడమకూ, ఎడమ పేజీ కుడికీ వచ్చేశాయి. ఇద్దరూ ఒకరికొకరు వీపులు పెట్టి, పుస్తకం బయటికి చేతులు చాస్తున్నారు. మిషన్ కింద వేలి కొనలు కూడా పోయాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నేను పని నేర్చుకున్నది అనంతపురంలో ఒక ఉస్తాద్ దగ్గర. ఉర్దూ పుస్తకాలు వందలు కట్టాను. కుడివైపు కుట్టు నాకు కొత్త కాదు. అక్షరం ఉర్దూ అయితే చేయి దానంతటదే తిరిగేది. ఇంగ్లీషు అక్షరం కనపడగానే ఎడమకే పోయింది. తెలియక చేసిన తప్పు కాదు, తెలుసుననుకుని చేసిన తప్పు.

"సాయంత్రం దాకా టైమియ్యమ్మా" అన్నాను.

కుట్టు విప్పి, కుడివైపు మళ్లీ కుట్టాము. ఆ రెండు పేజీలకు మాత్రం గార్డులు వేశాను. గార్డు అంటే ఆకు అంచుకు అతికించే సన్నని కాగితం పట్టీ. దానితో పుస్తకం పూర్తిగా పరుచుకుంటుంది. ఇద్దరూ ఎదురెదురుగా వచ్చారు గానీ, చేతుల మధ్య తెల్లటి సందు మిగిలింది. వేలి కొనలు గీద్దామని పెన్సిల్ తీస్తే సుగుణ లాక్కుంది. "ఒకసారి చూపించినావు నీ తెలివి. చాలు." మన ఎండే కాబట్టి జిగురు గంటలో ఆరింది.

సాయంత్రం శ్రావణి వచ్చి ఆ సందునూ, ఆకుల అంచున మిగిలిన సూది రంధ్రాలనూ చూసింది. "దాచనన్నా. నా జవాబు కన్నా ముందు ఇదే చెప్తా" అని తీసుకుపోయింది. ఆదివారం నాకు అన్నం సయించలేదు.

సోమవారం ఆఫీసుకు పోతూ షాపు ముందు స్కూటర్ ఆపింది.

"ఏమన్నాడమ్మా?" అన్నాను.

"అంతా చెప్పినా. ఆ పేజీ తెరిచి, ఆ తెల్ల సందు మీద వేలు పెట్టి చూసినాడు. తర్వాత పుస్తకం మూసి పక్కన పెట్టినాడు. పెట్టి, నా పక్క చేయి చాపినాడన్నా. మా నాయన ఎదురుగానే!"

"మరి నువ్వు?"

"పట్టుకోక ఏం చేస్తా? గాలి కాదు కదా." సిగ్గుపడి, స్కూటర్ స్టార్ట్ చేసి వెళ్లిపోయింది. నేనూ సుగుణా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాము. ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉండింది.

ఇప్పుడు ఏ పుస్తకం వచ్చినా, రిజిస్టరైనా సరే, తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఒక పేజీ తిప్పి చదివి చూపించమంటాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఎట్లా చదువుతారో చూసిన తర్వాతే కత్తి ముట్టుకుంటాను.