మా వీధి పట్టుకున్న దొంగ

రాయగడలో మాది చదువుకున్నవాళ్ల వీధి. టోకు వ్యాపారులు, ఆఫీసుల్లో రిటైరైనవాళ్లు, ఇద్దరు టీచర్లు. అందుకే కాబోలు, ఫోన్‌లో ఏది వచ్చినా చదివేసి, నమ్మేసి, పదిమందికి పంపేదాకా మాకు తోచదు.

ఆ వేసవిలో ఒక వీడియో వచ్చింది. ఎవరో ఆడమనిషిని స్తంభానికి కట్టి కొడుతున్నారు. అందులో వినబడే భాష తెలుగు కాదు, ఒడియా కాదు, హిందీ కూడా కాదు. కింద మాత్రం తెలుగులో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా ఆకులమ్మేవాళ్ల వేషంలో మన జిల్లాలో దిగిందని రాసి ఉంది. పక్కింటి పంతులమ్మ దాన్ని వీధి గ్రూపులో పెట్టింది. నేను మా పుట్టింటివాళ్లకు పంపాను. అబద్ధమేమోనని అనుమానం రాకపోలేదు. ఎందుకైనా మంచిదని పంపాను. ఆ మాట చాటున ఎంత పిరికితనమైనా దాక్కోవచ్చు.

గుడారి వైపు కొండల నుంచి ఒక ముసలామె మా వీధికి అడ్డాకులు తెచ్చేది. ఏళ్ల తరబడి మా ఇళ్లలో ఏ వ్రతం జరిగినా భోజనాలు ఆమె ఆకుల్లోనే.

వీడియో వచ్చిన మూడో రోజు పొద్దున ఆమె వీధిలోకి వచ్చేసరికి పంతులమ్మ మనవరాలు గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఎదురుగా ఆటో. ముసలామె గంప పడేసి పిల్లను ఎత్తుకుంది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

"ఇదే! ఫోన్లో సూపించింది దీన్నే! పట్టుకోండి!" పంతులమ్మ కేకేసింది.

వీధంతా మీద పడింది. భగవద్గీత క్లాసుకు వెళ్లే పెద్దమనిషి ఆమె జుట్టు పట్టుకున్నాడు. కొందరికి కొట్టడానికి చేతులు ఖాళీ లేవు, ఫోన్లు పట్టుకున్నారు.

ఆమె నన్ను చూసింది. "అమ్మీ, నువ్వు సెప్పు! నానెవరో నీకు తెల్దేటి?"

తెలుసు. గొంతు పెగల్లేదని రాసుకోవచ్చు. కానీ గొంతు బాగానే ఉంది. నలుగురూ ఏమనుకుంటారోనని గుమ్మంలో నిలబడిపోయాను.

చివరికి ఆటోవాడే అడ్డొచ్చాడు. "మీకేటి పిచ్చా? ఈవిడ ఎత్తకపోతే పిల్ల నా బండి కింద పడుండేది!"

అప్పటికే ఆమె మణికట్టు విరిగింది. పోలీసులు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మధ్యాహ్నానికల్లా 'దొంగ దొరికింది' అన్న వీడియో కోరాపుట్, దామంజోడి దాకా పోయింది. ఆమె దొంగ కాదన్న మాట మా వీధి మలుపు కూడా దాటలేదు.

నెల తర్వాత గుడారి సంతలో ఆమెను వెతికి పట్టుకున్నాను. చేతికి ఇంకా కట్టుంది. క్షమించమన్నాను.

"నన్ను కొట్టిన వీడియో మా ఊరికీ వచ్చింది," అంది ఆమె. "టౌనోళ్లు మన పేణాలు తీస్తారని మావోళ్లు టౌన్నించొచ్చిన సూదిమందు నర్సమ్మ మీదికి కర్రలట్టుకుని ఎల్లేరు. నాను అడ్డంగా నిలబడ్డాను. ఒక్క మనిషి నిలబడితే సాలమ్మీ, తగ్గిపోయేరు."

ఆమె ఆకులు సర్దుకోవడంలో పడింది.

ఇంటికొచ్చి, నేను పంపింది అబద్ధమనీ, కళ్లెదుట జరుగుతున్నా నోరు మెదపలేదనీ గ్రూపులో రాశాను. "ఇప్పుడవన్నీ ఎందుకు?" అంది పంతులమ్మ. పుట్టింటివాళ్లకూ అదే పంపాను. ఒక్క జవాబు వచ్చింది.

"ఏ వీడియో?"