అక్క పడవెక్కిన రోజు

మా అక్క మోకాలి ఆపరేషన్‌ను రెండుసార్లు వాయిదా వేసింది. మొదటిసారి శ్రావణమాసం, కొట్లో చీరల అమ్మకాలు జోరుగా ఉంటాయంది. రెండోసారి వేరే కారణమేదీ దొరక్క, ఆసుపత్రికి మెట్లు ఎక్కువంది. ఇంకా ఆలస్యం చేస్తే నడకే పోతుందని డాక్టరు గట్టిగా చెప్పి మూడోసారి తేదీ ఇచ్చాక, నా ముందు ఒక షరతు పెట్టింది.

"నన్నొకసారి పడవెక్కించుమే. సముద్రం మీద నించి ఒడ్డు ఎట్టుంటదో చూడాల. చూసినాక నువ్వు యాడికి రమ్మంటే ఆడికి వస్తా."

నెల్లూరులో మా బట్టల కొట్లో నలభై ఏళ్లు గల్లాపెట్టె వెనక కూర్చున్న మనిషి. ఆమెకు సముద్రమంటే ఏడాదికోసారి మైపాడు వెళ్లి పాదాలు తడుపుకోవడం, మిగతావాళ్లు తడుపుకునేటప్పుడు చెప్పులకు కాపలా కాయడం. ఒక పడవ షికారుకు ఒక మోకాలు! బేరం నాకే లాభమనిపించి వెంటనే ఒప్పుకున్నాను.

సోమవారం ఆసుపత్రిలో చేరాలి. శుక్రవారం తెల్లవారగానే తెలిసిన ఆటోలో బయలుదేరాం. వెంకటాచలం దగ్గర హైవే వదిలి కృష్ణపట్నం దారి పట్టాం. లారీల వెనకే పోతున్నంతసేపూ రోడ్డు పక్క తుమ్మచెట్లు బొగ్గుదుమ్ముతో నల్లగా కనిపించాయి. తర్వాత రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లను చిలుకుతున్న చక్రాలు వచ్చాయి. "ఈ చక్రాలకు కరెంటు బిల్లు ఎంతొస్తదో" అంది అక్క. కొట్లో పెరిగితే ప్రకృతి ఇలాగే కనిపిస్తుంది.

పెద్ద ఓడల రేవు, దాని క్రేన్లు కంచెకు అవతల ఉండిపోయాయి. మేము వెళ్లింది ఏటిపాయ ఒడ్డున చేపల పడవలు ఆగే చిన్న రేవుకు. అక్కడ ఒకే ఒక పడవ మిగిలి ఉంది. దాని ఇంజనులో డీజిలు పోస్తున్న మనిషిని అడిగాను.

"ఏరు సముద్రంలో కలిసే దాకా పోయి రావాలన్నా. ఎంత?"

"పన్నెండొందలియ్యమ్మా. ముందు మిమ్మల్ని తిప్పి దించేసి, చేపల ఏటకు పోతా."

"ఐదొందలు."

"డీజిలుకే సరిపోదు."

"నీ పడవ ఎట్టాగూ పోయేదే గదా అన్నా. మేం కూర్చుంటే నీకు కొత్తగా వచ్చే ఖర్చేంది?"

ఈ మాటకు లోపల నన్ను నేనే మెచ్చుకున్నాను. అతను నవ్వి వెయ్యికి దిగాడు. నేను ఆరొందల దగ్గర ఆగాను. ఇక మిగిలింది ఆఖరి ఎత్తు. బేరం కుదరని మనిషి కొట్టు మెట్లు దిగితే మూడో అడుగులో వెనక నుంచి పిలవాలని మా నాయన మాకు నడకతో పాటే నేర్పించాడు. కాబట్టి ఎక్కడ ఏది కొన్నా నేను మూడడుగులు వేసే తీరతాను.

"సరేలే అన్నా, ఇంకోటి చూసుకుంటాం" అని అక్క చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగాను.

మూడో అడుగులో పిలుపు రాలేదు. ఐదులోనూ రాలేదు. ఇసుకలో కాలీడుస్తూ అక్క గొణిగింది: "ఎంత దూరంమే ఈ నాటకం? నా మోకాలు చూడు."

"ఎనక్కి చూడబాక. చూస్తే పలచనైపోతాం."

పదిహేనో అడుగులో ఇంజను మోగింది. తిరిగి చూసేసరికి పడవ పాయ నడుమ ఉంది.

వలల పాక నీడలో ఒకావిడ చిరిగిన వల బాగుచేస్తూ ఇదంతా చూస్తోంది. పడవ మనిషి ఆమె భర్త.

"ఏందమ్మా, ఒక్కసారన్నా తిరిగి చూడకుండా పోతివి? తగ్గిద్దామనే నిలబడి ఉండాడు మా ఆయన."

"మరి పిలవచ్చు గదమ్మా!"

ఆవిడ సూది ఆపేసింది. "పోయే మనిషిని ఎనక నించి పిలస్తారా? అదీ ఏటకు పోయే పొద్దున! మా రేవులో పసిబిడ్డలు గూడా పిలవరు."

మా ఇంట్లో మూడు తరాలు అన్నం తిన్నది ఆ వెనక పిలుపు మీదే. వీళ్లకు అదే కీడు. ఈ ముక్క తెలియక, మోకాలు పనిచెయ్యని మనిషిని ఇసుకలో నడిపించి, ఉన్న ఒక్క పడవనూ పంపించేశాను. ఆటుకు నీళ్లు తీస్తున్నాయని, మళ్లీ పోటెక్కాక మధ్యాహ్నం దాటితేగాని పడవ తిరిగి రాదని ఆవిడ చెప్పింది.

అక్క పాకలోని ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. "పోదాం పదమే. సోమవారం సంగతి గూడా చూద్దాంలే."

ఆ "చూద్దాంలే" నాకు బాగా తెలుసు. కొనకుండా లేచిపోయేవాళ్ల మాట అది. ఆపరేషన్ మూడోసారీ పోయినట్టే.

"మధ్యాన్నం దాకా ఉందాం" అన్నాను. ఆటో అతన్ని కూడా బతిమాలాను. నేను బతిమాలడం చూసి అక్క ముఖంలో కొంచెం నవ్వొచ్చింది.

తెచ్చుకున్న పులిహోర ముగ్గురం పంచుకున్నాం. నోరు ఊరకుండక, పక్కన ఎండబెట్టిన చేపలకు ధర అడిగి, ఎక్కువని వాదించాను. మా ఇంట్లో చేప ముట్టరు. తర్వాత టీ కోసం రోడ్డు దాకా వెళ్లాను. గ్లాసులు పట్టుకుని వస్తూ పాక వెనక ఆగిపోయాను. అక్క గొంతు వినిపించింది.

"మత్తిచ్చినాక లేస్తానో లేవనో తల్లీ. మా చెల్లికి చెప్పలా, అది బెంబేలు పడతది. చూడాలనుకున్నది ఒకటన్నా చూసేసి పోదామని."

 ఆవిడ, "ఆయన సముద్రం మీదికి పోయినప్పుడల్లా నాకూ అట్టే ఉంటది అక్కా. ఏం చేస్తాం? వస్తాడనే ఎసట్లో ఆయన వంతు బియ్యం గూడా పోసేస్తా" అంది.

టీ నా చేతుల్లో చల్లారిపోయింది. షరతు అనుకున్నాను నేను. లాభం కూడా లెక్కేసుకున్నాను.

రెండు దాటాక పడవ వచ్చింది. అతను చేపల బుట్టలు దించి, మొహం కడుక్కుని, ఇంటికి పోయే తొందరలో ఉన్నాడు. నేను నోరు తెరిచాను గాని, బేరం లేకుండా ఎలా అడగాలో తోచలేదు. అక్కే అడిగింది.

"నాయనా, అలిసిపోయుంటావు. నన్నొకసారి తీసకపోతావా? కాలెత్తి ఎక్కలేను."

అతను ఆమె మోకాళ్లు చూశాడు, నీళ్లు చూశాడు, భార్య ముఖం చూశాడు. "కుర్చీలోంచి లేవబాకమ్మా" అన్నాడు. అతనూ ఆటో డ్రైవరూ కలిసి కుర్చీతో సహా ఎత్తి అక్కను పడవలో పెట్టారు. ఉన్న ఒక్క లైఫ్ జాకెట్ ఆమెకు తొడిగారు.

"పొద్దున నువ్వడిగినంతా ఇస్తానన్నా" అన్నాను.

"ముందు ఎక్కమ్మా, పోటు నీళ్లు నిలబడవు."

ఏరు దాటి సముద్రంలోకి రాగానే పడవ ఊగింది. నాకు కళ్లు తిరిగి కుర్చీ కాలు పట్టుకున్నాను. అక్క పట్టుకోలేదు. అతను ఇంజను ఆపాడు. దూరంగా పెద్ద ఓడలు నిలబడి ఉన్నాయి. ఒడ్డు సన్నటి గీతలా ఉంది. దాని మీద పాక, పాక ముందు చుక్కలా నిలబడ్డ ఆవిడ.

"ఇంతేనామే మనముండేది?" అంది అక్క. "చీర అంచంత వెడల్పు గూడా లేదే!"

చాలాసేపు అలాగే చూసింది. ఏదైనా ధైర్యం చెప్పాలనుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఉప్పుగాలికి జిగురుగా ఉంది.

"టీ చల్లారిందాకా అంతా విన్నావు గదా పాక ఎనక నిలబడి" అంది, నా వైపు తిరగకుండానే.

"విన్నా."

"సోమవారం ఎన్నింటికి రమ్మన్నారు?"

"ఏడింటికి."

"ఏడంటే ఐదుకే లేవాల. ఆ ముదురు నీలం చీర పెట్టు, మాసినా తెలీదు. నువ్వు మాత్రం బయట కూచుని ఏడవబాక. కావాలంటే డాక్టరుతో బేరమాడుకో."