నీలం అంచు కప్పు

చలికాలం మొదట్లో పీప్సీ సరస్సు గడ్డకట్టే ఆ కొద్దిరోజులంటే దాని నడుమనున్న దీవిలో అందరికీ హడలే. పడవ కదలదు, మంచు మనిషిని మోయదు. ఆ ఏడు సరిగ్గా దానికి ముందే ఉలీత మొగుడు జినోవీకి గుండెనొప్పి వచ్చింది. మరిది పర్ఫేనీ ఆఖరి పడవలో ఆయన్ని పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ హడావిడిలో ఉలీత దుప్పటి సర్దింది, రొట్టె సర్దింది, కప్పు మర్చిపోయింది.

పాత ఆచారం వాళ్ళది. తమ మతం కాని పరాయివాళ్ళ కప్పు నోటికి తగలకూడదు. జినోవీ ఉల్లిపాయలు అమ్మడానికి సంతకి పోయినా నీలం అంచు కప్పు నడుముకి కట్టుకునే పోయేవాడు. జనం నవ్వితే, "నవ్వండి నవ్వండి, నాకేం అరిగిపోదు" అనేవాడు. మహా మొండిఘటం!

వంటింట్లో అమ్మకానికి ఉల్లిపాయల్ని కాడలతో జడలుగా అల్లుతూ పొరుగింటి ఫ్యోక్లా సర్దిచెప్పింది. "దాహమేస్తే తాగడా ఏమిటే? దేవుడు ఆమాత్రం చూసీచూడనట్టు ఊరుకుంటాడు."

"దేవుడు ఊరుకుంటాడేమో, మా ఆయన ఊరుకోడే" అంది ఉలీత. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

ఏటా మంచు మీద మొదట నడిచేది జినోవీయే. గునపంతో పొడిచి చూసుకుంటూ, దారి పొడుగునా గుర్తుగా చెట్టుకొమ్మలు పాతేవాడు. ఆ కొమ్మలు లేందే దీవిలో ఎవరూ సరస్సు మీద అడుగు పెట్టరు. ఇప్పుడు ఎవరు పాతుతారు? ఉలీత రోజూ పొద్దున్నే ఆయన గునపం పట్టుకుని ఒడ్డుకి పోయేది. పొడిస్తే చాలు, గునపం దిగబడిపోయేది, నల్లటి నీళ్ళు ఉబికేవి. "గట్టిపడవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను" అని సరస్సుని బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది.

ఒకనాడు గునపం ఠంగుమంది. కప్పు శాలువాలో చుట్టి గుండెకి కట్టుకుని, కొమ్మల మోపు లాక్కుంటూ బయల్దేరింది.

"ఆగవే పిచ్చిదానా!" అని ఫ్యోక్లా ఒడ్డునుంచి అరుస్తూనే ఉంది.

కొమ్మలు పాతుకుంటూ సరస్సు సగానికి వచ్చేసరికి, ఎదురుగా ఎవరో గునపంతో మంచు పొడిచి చూసుకుంటూ మంచుబండి లాక్కొస్తూ కనిపించారు. దగ్గరికొస్తే పర్ఫేనీ. బండి మీద శవపెట్టె.

"వదినా..." అంటూ బండి తాడు వదిలేశాడు.

ఉలీత మంచు మీదే కూలబడింది. ఒక్కటే అడిగింది. "నీళ్ళు తాగాడా?"

"తాగాడు వదినా. కొత్త కప్పు కొనితెస్తానన్నా విన్లేదు. దోసిలి పట్టేవాడు, నర్సమ్మ పోసేది. చేతులు వణికి సగం ఒలికిపోయేవి." పర్ఫేనీ ఆమె పక్కన కూర్చున్నాడు. "నిన్ను ఒక్కమాట అన్లేదు. 'మంచు గట్టిపడనీరా, మా ఉలీత తెస్తుంది' అనేవాడు."

ఉలీత శాలువా ముడి విప్పింది. "తెచ్చానయ్యా, ఇదిగో తెచ్చాను" అంటూ కప్పు తీసి పెట్టె మీద పెట్టింది.

తర్వాత ఇద్దరూ కలిసి, ఆమె పాతిన కొమ్మల వెంటే ఆయన్ని ఇంటికి లాక్కెళ్ళారు.